తలుపుకి మూడు నీళ్ళు

"ఛాతీ కొయ్యమండీ," అంది డాక్టర్ వసుమతి.

పోతురాజు ఆమె ముఖంకేసి చూడలేదు. బల్ల మీద రెండు చెక్కలుగా విడిపోయే ప్లాస్టిక్ గుండె ఉంది. దాన్నే చూస్తున్నాడు.

"మా ఇంటిదానికి కోశారు," అన్నాడు.

"ఫైల్లో చదివాను. ఎనిమిదేళ్ళ కిందటి మాట కదా. ఇప్పుడా అవసరం లేదు. తొడ మొదట్లో చిన్న గాటు పెట్టి, రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపిస్తాం. దాని కొసన కొత్త కవాటం ముడిచిన గొడుగులా ఉంటుంది. గుండెలోకి వెళ్ళాక విచ్చుకుంటుంది. మీకు పూర్తి మత్తు ఇవ్వం, మా మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ పూటంతా కాలు కదపకూడదు. మర్నాడు నడిపిస్తాం. మూడోనాడు ఇంటికి పంపేస్తాం."

"పాత తలుపు ఊడదియ్యరా?"

"తియ్యం. గోడకి అదిమేస్తాం."

అది అతనికి వెంటనే అర్థమైంది. గోగులంక లాకుల దగ్గర ముప్పయ్యారేళ్ళు కాలువ తలుపులెత్తే లస్కరుగా చేశాడు. కాలువలో పడవలు పోయాయి గాని తలుపులు పోలేదు. పొద్దున్నే ఎత్తడం, సాయంత్రం దించడం, వరదొస్తే రేయింబవళ్ళు వాటి దగ్గరే పడుండటం. చదివింది ఊళ్ళో అయిదో తరగతి. నీళ్ళు ఎటు నెడతాయో, తలుపు ఎక్కడ కారుతుందో చెప్పడానికి అంతకంటే చదువు అవసరం లేకపోయింది. ఇప్పుడు తన గుండె తలుపుకే సున్నం కట్టిందన్నారు. పది అడుగులేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. కిందటి నెల కాలువ గట్టు మీద పడిపోతే ఎవరో ట్రాక్టరులో వేసుకొచ్చారు.

"ఇంతవరకూ అందరికీ చేసేదే," అంది వసుమతి. "ఇకపై చెప్పేది కొత్తది. మామూలు కవాటాన్ని ఆవు గుండె పొరతో చేస్తారు. రక్తం నెడితే తెరుచుకుంటుంది, వెనక్కి తగ్గితే మూసుకుంటుంది. దానికేం తెలియదు. ఇది మీ కండలోంచి తీసిన కణాలతో మేం పెంచింది. మీరు లేవబోతున్నారని దీనికి ముందే తెలిసిపోతుంది, ముందే వెడల్పుగా తెరుచుకుంటుంది. నీరసపడ్డ గుండెకి సగం చాకిరీ తప్పుతుంది."

"దానికెలా తెలుసుద్ది?"

"నేర్చుకుంటుంది. నలభై రోజులపాటు. ఆ తర్వాత పొర ముదిరిపోతుంది. ఇంకేం నేర్చుకోదు."

"ఎందుకాగిపోవాలి?"

ఆ ప్రశ్న రోగులెవరూ అడిగి ఉండరు. "మొదట్లో ఆగనిచ్చేవాళ్ళం కాదండీ. ఒక గొర్రెకి జ్వరమొస్తే ఆ జ్వరాన్ని కూడా నేర్చేసుకుంది. జ్వరం తగ్గింది, గుండె పరుగు తగ్గలేదు. చచ్చిపోయింది. అందుకే నలభై రోజులకి కట్టేశాం. ఆ నలభై రోజులూ మీరెలా ఉంటారో, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అలాగే ఉంటారు. మెట్లెక్కితే మెట్లు నేర్చుకుంటుంది. మంచమెక్కితే మంచం నేర్చుకుంటుంది. ఇంకో మాట. మీ నాళం సన్నం. ఇది చెడితే దీంట్లోంచి ఇంకోటి దూర్చడం కుదరదు."

పోతురాజు తలూపాడు.

"దీంతో ఏం చెయ్యాలని ఉంది మీకు?" అందరినీ అడిగే ప్రశ్నలా ఉంది, కలం పట్టుకుని సిద్ధంగా ఉంది.

"లాకుల దాకా నడవాలి."

"ఎంత దూరం?"

"ఇంటి దగ్గర్నించి ఆరొందల నలభై అడుగులు."

రాసుకుంది. "అమ్మాయిగారికి కూడా ఇదంతా చెప్పనా? మందుల కొట్టు దగ్గర ఉన్నట్టున్నారు."

"నేను చెప్తాను," అన్నాడు పోతురాజు. ఆమె ఇదంతా రాసి ఇచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చెప్పలేదు.

* * *

నాగవేణి ఒక్కతే కూతురు. తణుకులో కాపురం. నలభై నాలుగేళ్ళకే కుడి మోకాలు అరిగిపోయి కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. పోతురాజు ఆమెని పేరు పెట్టి పిలిచి ఎనిమిదేళ్ళయింది. "ఇదిగో" అంటాడు, లేకపోతే గొంతు సవరించుకుంటాడు.

ఎనిమిదేళ్ళ కిందట వరదల్లో అతని భార్య అచ్చియ్యమ్మకి గుండె పట్టేసింది. పోతురాజు మూడు రోజులుగా లాకుల దగ్గరే ఉన్నాడు. నాగవేణి వచ్చి తల్లిని ఆసుపత్రిలో చేర్పించింది. ఛాతీ కొయ్యాలన్నారు, కాగితం మీద నాగవేణే సంతకం పెట్టింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపిస్తూ, కాస్త నడిపించండి అన్నారు. ఇంటికొచ్చిన అయిదోనాడు అచ్చియ్యమ్మ బోరింగు దాకా నడిచి వెళ్ళింది. బిందె కింద పెట్టింది. పక్కనే తనూ పడింది. మళ్ళీ లేవలేదు.

"నిన్నెవడు పెట్టమన్నాడు సంతకం?" పోతురాజు శవం దగ్గర అన్న మాట అదొక్కటే. ఆ తర్వాత తణుకు వెళ్ళలేదు. కూతురి చేతి మంచినీళ్ళు తాగలేదు. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు నలభై రోజులు ఇంట్లో మనిషుండాలి అన్నారు కాబట్టి రానిచ్చాడు.

* * *

గది చల్లగా ఉంది. తొడ దగ్గర సూది పొడిచినప్పుడు చురుక్కుమంది, తర్వాత మొద్దుబారింది. గొట్టం లోపలికి వెళ్తుంటే నొప్పి లేదు గాని, ఇంట్లోకి పరాయివాడు వచ్చి తిరుగుతున్నట్టు ఉంది.

"పోతురాజు గారూ, ఇప్పుడు కొన్ని క్షణాలు మీ గుండెని బాగా వేగంగా కొట్టిస్తాం. కవాటం విచ్చుకునేటప్పుడు కదలకుండా ఉండాలి కదా. కళ్ళు తిరుగుతాయి. భయపడకండి."

"కానీండి."

గుండె ఒక్కసారి గడగడలాడింది. కొట్టుకోవడం కాదు, వణకడం. చూపు నల్లబడింది. వరదల్లో ఎర్రనీళ్ళు లాకు తలుపు మీదికొచ్చి గుద్దుతున్నప్పుడు కాళ్ళ కింద రాయి అలాగే వణికేది. తర్వాత ఏదో విచ్చుకుంది. పాత తలుపు గోడకి నొక్కుకుపోయింది. ఏడాదిగా రొమ్ములో ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా బయటికి పోయింది.

"అయిపోయిందండీ," అంది వసుమతి. ఆమె నుదుటి మీద చెమట ఉంది.

మర్నాడు గ్రేసమ్మ అనే నర్సు అతన్ని వరండాలో రెండుసార్లు నడిపించింది. తొడ దగ్గర వాపొస్తే ఫోన్ చెయ్యమంది. రక్తం పలచబడే మాత్ర ఒక్కపూట కూడా మానొద్దంది. "ఇంటికెళ్ళాక రోజూ నడిపించండమ్మా, కొంచెం కొంచెం పెంచండి," అని నాగవేణితో చెప్పింది.

"అలాగేనండి," అంది నాగవేణి. ఆమె ముఖం చూస్తే పోతురాజుకి తెలిసిపోయింది. నడిపించదు. ఆ మాట ఆమె ఒకసారి విని ఉంది.

* * *

ఇంటికి రాగానే నాగవేణి వసారాలో నులక మంచం వేసింది. దుప్పటి పరిచింది. "పథ్యం, నాన్నా. నలభై రోజులూ. కాలు కింద పెట్టావంటే నా మీద ఒట్టే."

బీరకాయ కూర, పెసరకట్టు, మెత్తటి అన్నం. నూనె లేదు, పులుపు లేదు. మంచం పక్కనే బేసిన్, చెంబు. స్నానం కూడా తడిగుడ్డతో తుడవడమే. ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికి వంటింట్లోంచి పావుగంటకోసారి కుంటుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, అతని పొట్ట పైకీ కిందికీ కదలడం చూసి వెళ్ళేది. కళ్ళు మూసుకున్నా అతనికి ఆ అడుగులు వినిపించేవి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

పక్కింటి గంగాభవాని పాలు పోయడానికి వచ్చినప్పుడల్లా నవ్వేది. "ఏం బాబాయ్, పచ్చి బాలింతలా పడుకున్నావు? కాయం ముద్ద పెట్టిందా మీ అమ్మాయి?"

"నీ పాలల్లో నీళ్ళు తగ్గించు ముందు," అనేవాడు.

అతనికి అన్నీ తెలుసు. కాగితం తలగడ కింద ఉంది.

లాకులకి కొత్త కర్ర తలుపులు బిగించిన ఏడు మేస్త్రి సూరన్న చెప్పిన మాట అతనికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఒరే పోతురాజూ, తలుపుకి మూడు నీళ్ళూ చూపించాలిరా. ఎద్దడి నీళ్ళు, నిండు నీళ్ళు, ఎర్రనీళ్ళు. నీళ్ళు తాగితేనే చెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. కింద రెండు చెక్కలే తడిపి ఊరుకున్నావనుకో, వరద రోజున పై చెక్కల సందుల్లోంచి ఊరు మునిగిపోద్ది." ఆ ఏడు పోతురాజు నెల పైన రోజూ నీటిమట్టం మార్చి మార్చి తలుపుల్ని తడిపాడు. ముప్పయ్యేళ్ళు కారలేదు.

ఆ పని చేసినవాడే ఇప్పుడు కింద రెండు చెక్కలే తడుపుకుంటూ పడుకున్నాడు. చెప్పడానికి ఒక్క మాట చాలు. "డాక్టరమ్మ నడవమంది" అంటే నమ్మకపోయినా, కాగితం చూపిస్తే నమ్ముతుంది. కాని ఎనిమిదేళ్ళు మోసిన కోపం అంత తేలిగ్గా మంచం దిగదు. తప్పు చెయ్యనీ. తల్లి విషయంలో ఒకటి, ఇప్పుడు ఇంకొకటి. ఆనాడు తనే సంతకం పెట్టింది, ఈనాడు తనే మంచమెక్కించింది. రేపు డాక్టరమ్మ అడిగినప్పుడు తలొంచుకుంటుంది. అది చూడాలి.

అదీగాక అలసటగా ఉంది. పడుకోవడం సుఖంగానే ఉంది. ఆ సంగతి మాత్రం తనకి తను కూడా చెప్పుకోలేదు.

* * *

ముప్పై నాలుగో రోజున ఆసుపత్రి వాళ్ళ బండి వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్ళింది.

వసుమతి పనిచేసే గది ఆసుపత్రి వెనకాల ఉంది. కిటికీలోంచి పచ్చిక కనబడుతోంది. ఏడెనిమిది గొర్రెలు మేస్తున్నాయి. ఒక్కోదాని మెడలో ఎర్ర దారం.

ఆమె సబ్బు బిళ్ళంత పెట్టెని అతని రొమ్ముకి ఆనించింది. కవాటం ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా తెర మీద ఒక గీతగా మొదలైంది. కొసదాకా నేల మీద చాప పరిచినట్టు సాగింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకుంది.

"మీరు కూడానా?" అంది.

"ఏమైందండీ?" నాగవేణి లేచి నిలబడింది. "నాన్నకి ఏమైనా…"

"కూర్చోండమ్మా." తెర మీద ఇంకో పదకొండు గీతలు తెచ్చింది. రెండు గీతల్లో కొండలూ లోయలూ ఉన్నాయి. మిగతా తొమ్మిదీ చాపలే. "పన్నెండుమందికి పెట్టాం. మీ నాన్నగారితో కలిపి పదిమందిని పడుకోబెట్టారు. నలుగురికి నలభై రోజులూ దాటిపోయాయి. పాలకొల్లు నుంచి ఒకావిడ. కూర్చుంటే నవ్వుతూ కబుర్లు చెబుతుంది. లేచి వంటింటిదాకా వెళ్ళలేదు. ఇంకో ఇరవయ్యేళ్ళు బతుకుతుంది, కుర్చీలో. నేను చెయ్యగలిగింది లేదు." ఆమె తెర ఆర్పేసింది. "అన్నీ లెక్కలోకి తీసుకున్నాం. పథ్యం ఒక్కటి మర్చిపోయాం. నేనూ ఈ జిల్లాలోనే పుట్టాను, నాకైనా తోచలేదు. మా గొర్రెలు మర్నాడే లేచి మేశాయి మరి."

"గొర్రెలకి కూతుళ్ళుండరు గదండీ," అన్నాడు పోతురాజు.

ఆ మాటకి వసుమతికి నవ్వు రాలేదు. నాగవేణివైపు తిరిగి మొదట్నించీ చెప్పింది. నేర్చుకోవడం, నలభై రోజులు, గట్టిపడటం. "ఇవన్నీ మీకు నాన్నగారు చెప్పలేదా?"

నాగవేణి తండ్రికేసి తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

తలొంచుకుంటుందనుకున్నాడు. ఒంచుకోలేదు. అలా చూస్తూనే ఉండిపోయింది. ఏడవలేదు కూడా. నెల రోజులు గుమ్మంలో నిలబడి అతని పొట్ట కదలడం చూసిన కళ్ళు అవి. పోతురాజే తల తిప్పుకుని గొర్రెల్ని చూశాడు.

"ఎన్ని రోజులున్నాయండీ?" అని డాక్టరుని అడిగింది.

"ఆరు."

"ఆరు రోజుల్లో నేర్చుకుంటుందా?"

"ఎంత నేర్పితే అంత," అంది వసుమతి.

* * *

మర్నాడు పొద్దున్నే నాగవేణి మంచం నిలబెట్టి గోడకి ఆనించేసింది. "లే," అంది. అంతే.

మొదటిరోజు వీధి అరుగు దాకా. నలభై అడుగులకే ఆగిపోయాడు. కొత్త తలుపు తెరుచుకోనంది. చెమటలు పట్టి ఆమె భుజం మీద పడ్డాడు. ఆమె మోకాలు కటుక్కుమంది గాని వదల్లేదు. రెండోరోజు పొద్దున తొంభై, సాయంత్రం నూట యాభై. ఒంటరిగా అడుగు తీసి అడుగు వెయ్యలేడు కాబట్టి ఆమె భుజం పట్టుకునే నడవాలి. భుజం పట్టుకుంటే ఆమె నడకే నడవాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తర్వాతి రోజుల్లో, సగం దారిలోని తూము దగ్గరికి రాగానే ఆమె ఆగి, వంగి, మోకాలు నొక్కుకునేది. అతనూ ఆగేవాడు.

మాటలు లేవు. గంగాభవాని మాత్రం గుమ్మంలోంచి, "బాలింత వీధిలోకొచ్చిందోయ్," అంది. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి పాలచెంబు పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

మూడోరోజు మూడొందలు. నాలుగోరోజు వాన, అయినా గొడుగేసుకుని వెళ్ళారు. ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం లాకులు వచ్చాయి.

నీళ్ళు నిండుగా ఉన్నాయి. పోతురాజు తలుపు దూలం మీద చెయ్యి వేశాడు. దూలం చల్లగా, నాచుపట్టి ఉంది. ఆ వరదల్లో అతను నిలబడ్డ చోటు ఇదే.

నాగవేణి గట్టు రాయి మీద కూర్చుని మోకాలు చాపుకుంది. కాలువలోకి చూస్తూ మాట్లాడింది. "ఆరోజు నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను నాన్నా. నాలుగుసార్లూ ఎత్తలేదు. డాక్టరు గడియారం చూస్తున్నాడు. అప్పుడు పెట్టాను సంతకం. ఎనిమిదేళ్ళ నుంచీ చెబుదామని. నువ్వు వినవు."

పోతురాజు దూలాన్ని గట్టిగా పట్టుకున్నాడు. లోపలేదో గడగడలాడటం మొదలుపెట్టింది. మంచమెక్కాక అలాంటిది లేదు.

"నాలుగు కాదు," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"ఆరు. ఫోను ఈ రాయి మీదే పెట్టాను. నీ పేరు పడుతూనే ఉంది. తలుపులు అప్పటికే ఎత్తేశాను. చేతులు ఖాళీగానే ఉన్నాయి." గాలి అందలేదు. ఆగి, మళ్ళీ అన్నాడు. "కొయ్యమనడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు. ఎవరో ఒకరు చెప్తార్లే అనుకున్నాను. నువ్వు చెప్పావు."

కాలువలో నీళ్ళు తలుపుని ఒరుసుకుంటూ పోతున్నాయి. పోతురాజు కళ్ళు నల్లబడ్డాయి. పడిపోతాననుకున్నాడు. పడలేదు. రొమ్ములో తలుపు ఎప్పుడూ తెరవనంత వెడల్పుగా తెరుచుకుంది. ఎర్రనీళ్ళు దానిలోంచి పోయాయి.

నాగవేణి తను కూర్చున్న రాయి మీద అరచెయ్యి ఆనించింది.

"నాకు నాలుగే గుర్తు," అంది. "ఆరని నువ్వు లెక్కపెట్టుకున్నావు. ఎనిమిదేళ్ళు నీ దగ్గరే పెట్టుకున్నావు."

అంతకుమించి అనలేదు. క్షమించాననీ అనలేదు, తిట్టనూ లేదు. లేచి భుజం ఇచ్చింది. పట్టుకున్నాడు. తూము దగ్గర ఆగారు. ఇంటికొచ్చారు. నలభయ్యో రోజు కూడా అలాగే వెళ్ళి వచ్చారు.

* * *

వసుమతి గీతని మూడుసార్లు వెనక్కి జరిపి చూసింది.

"ముప్పై తొమ్మిది, సాయంత్రం అయిదుంబావు. ఇక్కడ ఇంత ఎత్తుకి లేచింది. పరిగెత్తారా?"

"లేదండీ. నిలబడే ఉన్నాను."

నాగవేణి కిటికీ బయటికి చూస్తోంది.

"నడక వచ్చింది, పోతురాజు గారూ. గట్టిపడిపోయింది కూడా. లాకుల దాకా వెళ్ళొస్తారు. కాని ఈ వేగమే. ఇంతకంటే తొందరపడితే తెరుచుకోదు." ఆమె గీత మీద వేలు పెట్టి నుదురు ముడేసింది. "ఇది విడ్డూరంగా ఉంది. మీలాంటి పొడుగు మనిషి నడకలా లేదు. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. మూడొందల అడుగులకోసారి ఆగుతోంది. మీ కాలుకి ఏమైనా దెబ్బ తగిలిందా?"

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి."

"సరిచెయ్యడం ఇక కుదరదండీ."

"అవసరం లేదు," అన్నాడు.

మర్నాడు పొద్దున నాగవేణి సంచీ సర్దుకుంది. మాత్రలు ఏ పూటకావి గూట్లో పెట్టి చూపించింది. గుమ్మం దాటేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అతను అడగలేదు. ఆమె అడుగులు అరుగు దిగి వీధిలో ఆటో దాకా వెళ్ళడం వింటూ నిలబడ్డాడు.

సాయంత్రం ఒక్కడే బయల్దేరాడు. కొంచెం పెద్ద అంగ వేసి చూశాడు. రొమ్ము బిగుసుకుంది. తగ్గించాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అప్పుడు దారి ఇచ్చింది. తూము దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. లోపల తలుపు సగానికి వాలి ఊరుకుంది. ఎంతసేపు ఆగాలో దానికి తెలుసు.

తూము కింద వలేస్తున్న సింహాద్రి తలెత్తి చూశాడు. "ఏం పోతురాజన్నా, ఎవరి కోసం ఆగిపోయావు? వెనకాల ఎవరూ లేరే!"

పోతురాజు వెనక్కి తిరిగి ఖాళీ గట్టుకేసి చూశాడు.

"మా నాగవేణికి మోకాలు నొప్పిరా," అన్నాడు.